అమ్మ దగ్గుకు మూలం ఎక్కడుంది? దాని మీదే పరిశోధన చేయాలనుకుంటున్నాను

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర ఒక పల్లె. నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ జువాలజీ చివరి సంవత్సరం చదువుతున్నాను. అమ్మకు 52 ఏళ్లు. ఏడాదిన్నరగా పొడి దగ్గుతో బాధపడుతోంది. చాలా ఏళ్లు రైస్ మిల్లులో కూలికి వెళ్లింది, ఇప్పుడు మానేసింది. రెండేళ్లుగా బీపీకి రామిప్రిల్ వేసుకుంటోంది. నిరుడు తీసిన ఎక్స్‌రే బాగుందన్నారు, తెమడ పరీక్షలో క్షయ లేదని వచ్చింది. ఎన్నో సిరప్పులు తాగింది. తాలింపు వేసినా, ఫోనులో నాలుగు మాటలు మాట్లాడినా, గట్టిగా నవ్వినా దగ్గు తెర మొదలవుతుంది. డాక్టర్లు అలర్జీ అంటున్నారు. బంధువులు మా ఊరి ఫ్లోరైడ్ నీళ్లను తిడుతున్నారు. దీర్ఘకాలిక దగ్గుకు జీవశాస్త్రపరమైన కారణాల మీదే ప్రాజెక్టు చేయాలని నా పట్టుదల. వెతికితే గ్రాహకాలు, జన్యువులు, నరాలు అంటూ ఏవేవో కనిపిస్తున్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం: మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలున్నాయి. అమ్మకు దగ్గు ఎందుకు వస్తోంది అన్నది ఒకటి. కొందరు మనుషులకు దగ్గు ఏళ్ల తరబడి ఎందుకు ఆగదు అన్నది మరొకటి. రెండోదాని మీద పెద్ద పెద్ద ప్రయోగశాలలు ఇంకా తలమునకలుగా పనిచేస్తున్నాయి. మొదటిదానికి జవాబు మీ ఇంట్లో మందుల డబ్బాలోనే ఉండవచ్చు. కాబట్టి ముందు అమ్మ సంగతి చూద్దాం. మీ ప్రాజెక్టు పూర్తయ్యేదాకా ఆమె దగ్గుతూ కూర్చోనక్కర్లేదు.

ఉత్తరం చదువుతుంటే నా చూపు రామిప్రిల్ దగ్గర ఆగింది. రామిప్రిల్, ఎనలాప్రిల్, లిసినోప్రిల్ ఒకే కోవ మందులు. ఏసీఈ అనే ఎంజైమును అడ్డుకుని రక్తపోటు తగ్గిస్తాయి. ఆ ఎంజైముకు ఇంకో పని కూడా ఉంది. బ్రాడికైనిన్, సబ్‌స్టెన్స్ పీ అనే చిన్న పెప్టైడ్లను, అంటే ప్రొటీను తునకలను, అది ఎప్పటికప్పుడు ముక్కలు చేస్తూ ఉంటుంది. ఎంజైము పని ఆగితే అవి శ్వాసనాళాల్లో పేరుకుని, అక్కడి నరాల కొసలను రెచ్చగొడతాయి. ఈ మందులు వాడే వందమందిలో సుమారు అయిదు నుంచి ఇరవై మందికి పొడి దగ్గు వస్తుంది. మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో ఎక్కువ. మందు మొదలుపెట్టిన వారానికే రావచ్చు, నెలలు గడిచాకా రావచ్చు. మాత్ర రెండేళ్ల కిందట మొదలైంది, దగ్గు ఏడాదిన్నర కిందట మొదలైంది. ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి అడిగినవాళ్లు ఎవరూ లేకపోవడం నాకు బాధగా ఉంది.

అలాగని మీరే మాత్ర ఆపించకండి. బీపీ అదుపు తప్పితే దగ్గు కంటే పెద్ద ప్రమాదం. మాత్ర రాసిన డాక్టరు దగ్గరికి అమ్మను తీసుకెళ్లి, ‘దగ్గు దీనివల్ల కావచ్చా, వేరే కోవ మందుకు మార్చగలరా’ అని అడగండి. టెల్మిసార్టాన్, లోసార్టాన్ వంటివి ఆ పెప్టైడ్ల జోలికి పోకుండా బీపీ తగ్గిస్తాయి, ఖరీదూ తక్కువే. మార్చాక దగ్గు సాధారణంగా ఒకటి నుంచి నాలుగు వారాల్లో తగ్గుతుంది. కొందరికి మూడు నెలలు పడుతుంది. పది రోజులకే ‘తగ్గలేదు, ఇది కాదు’ అని తేల్చేయకండి.

క్షయ పరీక్ష నిరుడు చేయించామన్నారు, మళ్లీ చేయించండి. రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష చేయాలన్నది మన దేశంలో అమలులో ఉన్న నియమం. సూక్ష్మదర్శినితో చూసే పరీక్షలో తప్పిపోయినది క్షయ క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే సీబీనాట్, ట్రూనాట్ పరీక్షల్లో బయటపడవచ్చు. పరీక్ష, మందులు రెండూ ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. తెమడలో రక్తం, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, గొంతు మారడం, ఆయాసం, వీటిలో ఏది కనిపించినా మిగతావన్నీ పక్కనపెట్టి ముందు నల్లగొండ ప్రభుత్వ ఆసుపత్రికో హైదరాబాదు ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రికో వెళ్లండి.

ఇంకో చవక పరీక్ష ఉంది, మీ జిల్లావాళ్లు దాన్ని అస్సలు మరవకూడదు. రక్తంలో ఇయోసినోఫిల్ కణాలను, అంటే ఒక రకం తెల్ల రక్తకణాలను, లెక్కించడం. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు బోదకాలు ఉన్న జిల్లాలు. ఇంటింటికీ వచ్చి బోదకాలు మాత్రలు మింగించడం మీరు చూసే ఉంటారు. ఆ వ్యాధిని కలిగించే ఫైలేరియా పురుగు పిల్లలు కొందరి ఊపిరితిత్తుల్లో చిక్కుకుంటాయి. వాటి మీద శరీరం విపరీతంగా విరుచుకుపడుతుంది. కాలు వాయదు, రాత్రివేళ తీసిన రక్తంలో పురుగు కనిపించదు. కనిపించేది ముఖ్యంగా దగ్గు, అదీ రాత్రిపూట ఎక్కువ. ఇయోసినోఫిల్ కణాలు మైక్రోలీటరుకు మూడు వేలు దాటిపోతాయి. దీన్ని క్షయ అనుకుని నెలల తరబడి క్షయ మందులు వాడినవాళ్లు ఉన్నారు.

ఈ పొరపాటును వైద్య లోకానికి మొదట స్పష్టంగా చూపినవాళ్లు మన మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం క్షయ శానిటోరియం వైద్యులు. డెన్మార్క్ నుంచి వచ్చి అక్కడ పనిచేసిన క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్, తన సహచరుడు బార్టన్‌తో కలిసి 1940లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ఒక వ్యాసం రాశారు. క్షయలా కనిపిస్తూ క్షయ కాని, ఇయోసినోఫిల్ కణాలు పెరిగే జబ్బు అని దాన్ని వర్ణించారు. దానికి కారణం ఫైలేరియా అని తేలడానికి మరికొన్నేళ్లు పట్టింది. డైఇథైల్ కార్బమజైన్ మందు మూడు వారాలు వాడితే చాలామందికి తగ్గిపోతుంది. ఈ జబ్బు మగవాళ్లలో ఎక్కువ కాబట్టి అమ్మకు ఇదేనని నేను అనడం లేదు. ఆ లెక్క రక్తపరీక్ష కాగితంలో ఇప్పటికే ఉండవచ్చు, వెతికి చూడమంటున్నాను. లెక్క మధ్యస్థంగా పెరిగితే మామూలు కడుపు పురుగులు కావచ్చు, ఆస్తమా కావచ్చు.

ఆస్తమా అంటే పిల్లికూతలు, ఆయాసమే అనుకోకండి. దగ్గు తప్ప వేరే లక్షణమే లేని ఆస్తమా ఉంది. ఊపిరి పరీక్ష మామూలుగా వచ్చినా శ్వాసనాళంలో ఇయోసినోఫిల్ కణాల వాపు ఉండి దగ్గించే జబ్బు ఇంకొకటి ఉంది. రెండింటికీ పీల్చే స్టెరాయిడ్ మందు పనిచేస్తుంది. డాక్టర్లు ‘అలర్జీ’ అన్నప్పుడు వాళ్ల మనసులో ఉన్నది ఇదే కావచ్చు, కానీ మాట దగ్గర ఆగకుండా గొట్టంలోకి ఊదించి ఊపిరి కొలిచే స్పైరోమెట్రీ చేయించాలి. ముక్కు వెనక నుంచి గొంతులోకి కారడం, కడుపులో పులుపు పైకి తన్నడం కూడా కారణాలే. అయితే గుండెల్లో మంట లేనివాళ్లకు నెలల కొద్దీ గ్యాసు మాత్రలు ఇవ్వడం వల్ల దగ్గు తగ్గదని పరిశీలనలు చెబుతున్నాయి.

ఫ్లోరైడ్ నీళ్ల సంగతి. నల్లగొండ ప్రజలు ఆ నీళ్ల వల్ల పడిన కష్టం అందరికీ తెలుసు, మీ బంధువుల అనుమానం ఆ బాధలోంచి పుట్టిందే. కానీ ఫ్లోరైడ్ దెబ్బతీసేది పళ్లనూ ఎముకలనూ. తాగే నీటిలోని ఫ్లోరైడ్‌కూ పొడి దగ్గుకూ సంబంధం రుజువు కాలేదు. నీళ్ల కంటే అమ్మ పీల్చిన గాలి గురించి అడగండి. మిల్లులో ఆమె ఏ పని చేసింది? తవుడు దగ్గరా, ఊక కుప్ప దగ్గరా, బాయిలరు బూడిద దగ్గరా? ఊక బూడిదలో అధికభాగం సిలికా. ఇంట్లో కట్టెల పొయ్యి ఎన్నేళ్లు వాడారు? ఈ వివరాలు డాక్టరుకు చెప్పాలి, మీ నోటుపుస్తకంలోనూ రాసుకోవాలి. అమ్మ తానుగా చెప్పదు. మిల్లు దుమ్మును జబ్బుకు కారణమనుకునే అలవాటు ఆమెకు ఉండకపోవచ్చు.

ఇవన్నీ చూశాక కూడా కారణం దొరకనివాళ్లు ఉంటారు. దొరికిన కారణానికి చికిత్స చేసినా దగ్గు ఆగనివాళ్లూ ఉంటారు. ఇలాంటివాళ్లలో ఎక్కువమంది యాభై, అరవై ఏళ్ల ఆడవాళ్లే. మీ రెండో ప్రశ్న ఇక్కడ మొదలవుతుంది.

స్వరపేటిక, శ్వాసనాళం, అన్నవాహిక, ఇవన్నీ వేగస్ అనే ఒకే పెద్ద నాడి పరిధిలో ఉన్నాయి. దాని కొమ్మలు మోసుకొచ్చే సంకేతాలు మెదడు కాండానికి చేరితే దగ్గు పుడుతుంది. 1954లో జాన్ విడ్డికోంబ్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త పిల్లుల శ్వాసనాళపు నరపోగుల్లోని విద్యుత్ సంకేతాలను ఒక్కొక్కటిగా నమోదు చేశారు. ఎలుకలు మనలా దగ్గవు, అందుకే ఈ రంగంలో గినీ పందుల మీదే ఎక్కువ పని జరిగింది. వాటిలో రెండు రకాల పోగులు తేలాయి. ఒకటి నీటిచుక్క, అన్నం మెతుకు, పులుపు తాకగానే స్పందించేది. పొలమారినప్పుడు మనల్ని కాపాడేది ఇదే. రెండోది సీ పోగు, రసాయనాలను పసిగట్టేది. దీని కొసల మీద టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం, అంటే రసాయనం అతుక్కుంటే నరాన్ని మేల్కొలిపే ప్రొటీను, ఉంటుంది. మిరపలోని కాప్సైసిన్ అతుక్కునేది దానికే. డేవిడ్ జూలియస్ బృందం ఆ గ్రాహకపు జన్యువును 1997లో పట్టుకుంది, 2021లో ఆయన నోబెల్ బహుమతి పంచుకున్నారు. కట్టెల పొగలోని ఆక్రోలీన్‌ను పసిగట్టే టీఆర్‌పీఏ1 అనే మరో గ్రాహకమూ ఆ కొసల మీదే ఉంటుంది.

ఎండుమిర్చి మాడితే ఇంట్లో అందరూ దగ్గుతారు. మీ అమ్మ మామూలు తాలింపుకే దగ్గుతుంది, నవ్వుకూ మాటకూ కూడా దగ్గుతుంది. కాలిన చర్మానికి గోరువెచ్చని నీళ్లు కూడా మంటగా తోచినట్టు, రెచ్చిపోయిన నరానికి చల్లగాలి కూడా దుమ్ములాగే తోస్తుంది. తాలింపు ఆమె దగ్గును లేపుతోంది, నరం అంతగా రెచ్చిపోవడానికి కారణం మాత్రం తాలింపు కాదు. లేపేదాన్నీ మూలకారణాన్నీ ఒకటిగా రాసిన ప్రాజెక్టులు చాలా వస్తున్నాయి, మీది అలా కాకూడదు. అమ్మ చెవిలో దూది పుల్ల పెట్టుకుంటే దగ్గు వస్తుందేమో అడగండి. వేగస్ కొమ్మ ఒకటి చెవి దాకా పోతుంది. దీర్ఘకాలిక దగ్గు ఉన్నవాళ్లలో ఈ స్పందన మిగతావాళ్లలో కంటే ఎక్కువగా కనిపించింది. ఊపిరితిత్తులకు సంబంధమే లేని చోట తాకితే దగ్గు రావడం, ఆ నాడి మొత్తంగా అతిసున్నితమైందన్న ఆలోచనకు బలమిస్తుంది. యూరప్ ఛాతీ వైద్యుల సంఘం 2014 నుంచి ఈ అతిసున్నితత్వాన్నే దీర్ఘకాలిక దగ్గుకు ప్రధాన వివరణగా ముందుకు తెచ్చింది.

మీరు అంతర్జాలంలో చూసిన పీ2ఎక్స్3 కథ కూడా ఇక్కడిదే. కణాలు దెబ్బతిన్నా, వాచినా వాటిలోని ఏటీపీ బయటికి కారుతుంది. శక్తి నాణెంగా మీరు పాఠాల్లో చదివిన ఏటీపీయే నరాలకు సంకేతంగా కూడా పనిచేస్తుందని 1972లో జెఫ్రీ బర్న్‌స్టాక్ ప్రతిపాదించినప్పుడు చాలామంది ఒప్పుకోలేదు. ఇప్పుడు దగ్గు నరాల మీద ఆ ఏటీపీని అందుకునే గ్రాహకమే పీ2ఎక్స్3. దాన్ని మూసే మందును 2015లో 24 మంది మొండి దగ్గు రోగులకు ఇచ్చి చూస్తే, ఉత్తుత్తి మాత్రతో పోల్చినప్పుడు పగటి దగ్గు 75 శాతం తగ్గింది. అందరూ ఆనందించారు. కానీ నాలుక రుచి నరాల్లోనూ అదే గ్రాహకం ఉంది కాబట్టి, మందు వాడిన ప్రతి ఒక్కరికీ రుచి దెబ్బతింది.

తరువాత తక్కువ మోతాదులో, రెండు వేలమందికి పైగా రోగులతో రెండు పెద్ద ప్రయోగాలు జరిగాయి. వాటి ఫలితాలు 2022లో వచ్చాయి. ఉత్తుత్తి మాత్ర కంటే మందు వల్ల అదనంగా తగ్గింది ఒక దాంట్లో సుమారు 18 శాతం, ఇంకో దాంట్లో సుమారు 15 శాతం. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకు కూడా దగ్గు సగానికి సగం తగ్గిపోయింది! గెఫాపిక్సాంట్ అనే ఆ మందును జపాన్, యూరప్ అనుమతించాయి, అమెరికా నిరాకరించింది. నాకు ఈ కథలో ముఖ్యంగా తోచేది ఆ ఉత్తుత్తి మాత్ర ఫలితమే. ఒక్క గ్రాహకమే అన్నిటికీ మూలమైతే దాన్ని మూసేసరికి దగ్గు ఆగిపోవాలి. ఆగలేదు. అంటే రోగులందరి నరాలు ఒకే కారణంతో రెచ్చిపోలేదు. దగ్గును అణిచే శక్తి మెదడుకు మనం అనుకున్నదానికంటే చాలా ఎక్కువగా ఉందని కూడా దీన్నిబట్టి ఊహించవచ్చు.

ఆ శక్తిని వాడుకునే చికిత్స మందు లేకుండానే ఉంది. స్పీచ్ థెరపిస్టులు నేర్పే పద్ధతులతో మొండి దగ్గు తగ్గుతుందని 2006లో ఆస్ట్రేలియాలో జరిగిన ప్రయోగం చూపించింది. అమ్మకు ఈ రాత్రి నుంచే నేర్పవచ్చు. గొంతులో గరగర మొదలవగానే దగ్గకముందే గుటక మింగాలి, గుక్కెడు నీళ్లు తాగాలి, పెదవులు మూసి ముక్కుతో నెమ్మదిగా గాలి పీల్చాలి. గొంతు సవరించుకోవడం మానాలి, దాంతో గరగర ఇంకా పెరుగుతుంది. మొదట్లో కష్టంగా ఉంటుంది, వారాల తరబడి చేయాలి. కారణాల కోసం చేసే పరీక్షలకు ఇది బదులు కాదు, వాటితో పాటు చేసేది.

జన్యువుల గురించి కూడా అడిగారు. ఆర్‌ఎఫ్‌సీ1 అనే జన్యువులో ఒక చిన్న డీఎన్ఏ ముక్క వందలసార్లు పునరావృతమైతే నరాల జబ్బు ఒకటి వస్తుందని 2019లో తేలింది. నడకలో తూలు, పాదాల తిమ్మిరి దాని లక్షణాలు. అవి కనిపించడానికి ఏళ్ల ముందే చాలామందిలో పొడి దగ్గు మొదలవుతుంది. అరుదైనదే, కానీ దగ్గు నరానికే జబ్బు చేయగలదని చెప్పడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం లేదు. అమ్మకు పాదాలు మొద్దుబారడం, చీకట్లో తూలడం ఉంటే తప్ప ఆ పరీక్ష గురించి ఆలోచించకండి.

ఇక మీ ప్రాజెక్టు. గ్రాహకాల మీద పనిచేయడానికి కావలసిన పరికరాలు, సమయం ఎమ్మెస్సీ చివరి ఏట మీకు దొరకవు. అలాంటి పని హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థ వంటి చోట పీహెచ్‌డీకి వెళ్లాక చేయవచ్చు. ఇప్పుడు మీ చేతిలో ఉన్నది ఆ ప్రయోగశాలలకు లేనిది, అంటే మిర్యాలగూడ. వందల మిల్లు కూలీలు, బోదకాలు చరిత్ర, కట్టెల పొయ్యిలు, బీపీ మాత్రలు అన్నీ ఒక్కచోట ఉన్నాయి. నేనైతే ఈ ప్రశ్న తీసుకుంటాను: మిల్లులో పనిచేసిన ఆడవాళ్లలో ఎనిమిది వారాలు దాటిన దగ్గు ఎంతమందికి ఉంది, అదే వయసులో పొలం పనికి మాత్రమే వెళ్లినవాళ్లలో ఎంతమందికి ఉంది? పెద్దవాళ్లలో దీర్ఘకాలిక దగ్గు అనడానికి వైద్యులు వాడే గడువు ఆ ఎనిమిది వారాలే. దగ్గు మొదలైన నెల, బీపీ మాత్ర పేరు, అది మొదలైన నెల, పొయ్యి రకం, బీడీ, మిల్లులో చేసిన పని, దగ్గు లేపే సంగతులు అడిగి రాయాలి. నల్లగొండ వైద్య కళాశాలలో శరీరధర్మ శాస్త్ర విభాగంవాళ్లో ఛాతీ విభాగంవాళ్లో కలిసివస్తే స్పైరోమెట్రీ, ఇయోసినోఫిల్ లెక్క కూడా జోడించవచ్చు. నైతిక సమీక్ష సంఘం అనుమతి లేకుండా ఒక్క బొట్టు రక్తం కూడా తీసుకోకండి. కాప్సైసిన్ పీల్పించి దగ్గు కొలిచే పరీక్ష ఉంది, దాన్ని ఇంట్లో మిరపపొడితో చేసి చూడాలనే ఆలోచన పొరపాటున కూడా వద్దు. ఆస్తమా ఉన్న మనిషికి ప్రాణం మీదికి వస్తుంది.

సర్వేలో క్షయ అనుమానం ఉన్నవాళ్లు తప్పకుండా తగులుతారు. వాళ్లను ఏ ఆసుపత్రికి, ఎవరి దగ్గరికి పంపుతారో మొదటి ఇంటి తలుపు తట్టకముందే ఖరారు చేసుకోండి. మీ మార్గదర్శకులు దీన్ని జువాలజీ కాదంటే, ఫైలేరియా పరాన్నజీవి వైపు నుంచి చూపించండి, అది మీ పాఠ్యాంశమే.

అమ్మ విషయంలో ఇంకొకటి ఉంది, అది ఆమెతో ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి. ఏళ్ల తరబడి దగ్గే ఆడవాళ్లలో చాలామందికి దగ్గినప్పుడు మూత్రం చుక్కలుగా పడిపోతుంది. సిగ్గుతో ఎవరికీ చెప్పరు, పెళ్లిళ్లకు వెళ్లడం మానేస్తారు, బస్సు ఎక్కడానికి జంకుతారు. అలా ఉంటే ఆడ డాక్టరుకు చెప్పండి. కటి కండరాలను బిగించి వదిలే వ్యాయామాలు నేర్పుతారు, చాలామందికి గుణం కనిపిస్తుంది. దగ్గు తగ్గేదాకా దానికోసం ఆగనక్కర్లేదు.